తాడు అవతలి కొస

పెద్దబాపుకు ఆఖరి స్నానం చేయిస్తున్న మగవాళ్ళు గల్లీలోంచి నన్ను కేకేశారు.

"పిల్లా, నీ కత్తెర తే! జల్దీ!"

నేను ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. బట్ట కోసే పెద్ద కత్తెర మా గల్లీలో నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఎందుకని అడగలేదు. పెద్దబాపు నడుముకు ఒక తాడుంది. చిటికెన వేలంత లావు, ఎరుపూ నీలం తెలుపూ పోగులు కలిపి పేనిన నూలుతాడు. నడుము చుట్టూ తిరిగి ఒక ముడి, ముడి దగ్గర జానెడు తోక. ఆ ముడి ఊడదు. ఊడదీయడం ఎవరి తరమూ కాలేదు. కోయాల్సిందే. కత్తెర చేతిలో పట్టుకుని గడప మీద నిలబడ్డాను గానీ కాలు కదల్లేదు.

ఆయన మా బాపుకు, నన్ను కన్న తండ్రికి, సొంత అన్న. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర కారఖానాలో మరమగ్గాల మీద, మావాళ్ళ మాటలో సాంచల మీద, చద్దర్లు నేసేవాడు. వయసులో ఉన్నప్పుడే చెవులు పోయాయి. సాంచల మధ్య బతికిన వాళ్ళందరికీ ఎంతో కొంత చెవుడు ఉంటుంది. ఆయనది మాత్రం నిండు చెవుడు. మాట్లాడితే అయితే గొంతు చించుకుని అరిచేవాడు, లేకపోతే శబ్దమే లేకుండా పెదవులు ఆడించేవాడు. కారఖానాలో అందరూ అలాగే మాట్లాడుకుంటారు కదా. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేయడంలో ఆయన్ను మించినవాళ్ళు లేరు. పెళ్ళిలో పందిరికి అవతలి చివర ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే, ఈ చివర నుంచి, "అబద్ధం! ఆ గాజులు అత్తగారివి, సొంతవి గావు!" అని అరిచి పెళ్ళంతా గోల చేసిన మనిషి. అప్పటి నుంచి మా ఆడవాళ్ళు ఆయన ముందు ఏం మాట్లాడాలన్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. కొత్త కోడళ్ళకు గల్లీలో నేర్పే మొదటి పాఠం అదే.

వినడానికి ఆయనకు అరచేయి ఉండేది. గోడ మీద అరచేయి ఆనించి పక్కింటి సాంచ నడుస్తోందో లేదో చెప్పేవాడు. నా బిడ్డ చంటిదిగా ఉన్నప్పుడు ఊయల కట్టె మీద చెయ్యి పెట్టి, "ఏడుస్తున్నది, పాలియ్యవే దొంగమొహమా" అని నన్ను తిట్టేవాడు. ఆ తిట్టులో ఎంత ప్రేమ ఉండేదో ఏం చెప్పను!

కరెంటు పోతే మా పేటంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. హమ్మయ్య అని అందరూ అరుగుల మీదికి వచ్చి కూర్చుంటారు. అలాంటప్పుడే ఆయన మొహం చిన్నబోయేది. "మీకు ఆగింది. నాకు ఆగలే" అనేవాడు. బయటి మాట ఒక్కటీ లోపలికి పోని ఆ చెవుల్లో సాంచ మాత్రం రాత్రీ పగలూ ఖటక్ ఖటక్‌మని నడుస్తూనే ఉండేదట. నిద్రలోనూ ఆగేది కాదట. నరాలు అరిగిపోయాయి, ఇక అది ఆగదని డాక్టరు చెప్పేశాడు.

ఆగే చోటు ఒకటి ఉందని ఆయనకు సముద్రం చెప్పింది.

దీపావళికి సాంచలు బంద్ పెట్టినప్పుడు మా గల్లీవాళ్ళం అంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకుని ఎటైనా పోతుంటాం. ఒక ఏడాది కొంకణం వైపు, సముద్రానికి పోయాం. నా పెళ్ళయిన కొత్త. ఘాటు దిగి, తెల్లారేసరికి సరుగుడు చెట్ల వెనక నీళ్ళు కనబడగానే పిల్లలు బస్సులోనే గంతులేశారు. ఆడవాళ్ళం చీరలతోనే మోకాళ్ళ లోతుకు దిగి, అల వచ్చిన ప్రతిసారీ కేకలు పెట్టాం. పెద్దబాపు పంచె ఎగ్గట్టి తిన్నగా లోపలికి నడిచి, తల ముంచాడు. ఊళ్ళో బావుల్లో ఈత నేర్చిన మనిషి కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. కాసేపటికి పైకి లేచి, మావైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"ఆగింది! అరే, ఆగిందిరా!"

ముఖమంతా నీళ్ళు. సముద్రపు నీళ్ళో కన్నీళ్ళో నాకు తెలియలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ తుల్జాపూర్ అన్నవాళ్ళ మీద, తిరుపతి అన్నవాళ్ళ మీద కన్నెర్ర చేసేవాడు. "దర్యాకే, సముద్రానికే పోవాలె" అంతే. ఆయన పట్టుపడితే గల్లీలో ఎదురు చెప్పేవాళ్ళెవరు?

ఆయన భార్య, మా పెద్దమ్మ ఒక్కతే చెప్పేది. ఆమె బీడీలు చుట్టేది. సముద్రమంటే ఆమెకు ఒళ్ళుమంట. "ఉప్పునీళ్ళు. తాగస్తయా? ఆకు తడపస్తయా? దీనికోసం ఇంత దూరం ఒస్తరా ఎవలన్న?" అని ముక్కు విరిచేది. తునికాకు తడిపితేనే మెత్తబడి చుట్టడానికి వస్తుంది. అందుకని సోలాపూర్ నుంచి సీసాలో మంచినీళ్ళు మోసుకొచ్చేది. చాట, తంబాకు, దారం, తడిబట్టలో చుట్టిన ఆకు, అన్నీ ఒక సంచిలో. పండగ దాటగానే కంపెనీలో బీడీలు ఇయ్యాలి కదా, చేతులు ఊరికే ఉంచితే ఎలా? లోకమంతా అలల్లో ఎగురుతుంటే ఆమె చెట్టు నీడలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. పర్యాటకులు ఫొటోలు తీసుకునేవాళ్ళు.

రెండో ఏడు పెద్దబాపు మునిగి ఎంతకీ లేవలేదు. మేమంతా ఒడ్డున నిలబడి గొంతులు పోయేలా అరిచాం. ఆయన తాపీగా లేచి నవ్వాడు. "పిలిస్తె ఇనవడెటట్టుంటె ఇంత దూరం ఎందుకొస్త?" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక పెదవులతో ఒకటే మాట అంది. "తాడు పేను."

పడుగు చుట్టి ఉండే బీము అయిపోయినప్పుడు సాంచ మీద మిగిలే పడుగు పోగుల్ని ఆయన తెచ్చుకుని పేనాడు. ఒక కొస ఆయన నడుముకు. రెండో కొస ఆమె నడుముకు, ఎందుకంటే చేతులకు బీడీలున్నాయి. ముడి మా సాలెవాళ్ళు తెగిన పోగును అతికే ముడి. చద్దరు చిరిగినా ఆ ముడి జారదని మాకు మహా గర్వం. ఒక్కసారి గుంజితే "ఉన్నవా?" అని. ఆయన తిరిగి ఒక్కసారి గుంజితే "ఉన్న" అని. ఆమె రెండుసార్లు గుంజితే "ఇగ రా" అని. అప్పుడాయన ఆ తాడే పట్టుకుని, చేతి మీద చెయ్యి వేసుకుంటూ ఒడ్డుకు వచ్చేవాడు.

"ఇంట్ల ఉంటె చెయ్యివట్టి పిలుస్త" అంది నాతో పెద్దమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని. "ఈడ చెయ్యి అందదు గద బిడ్డా."

బీచిలో పడవల పిల్లలు నారింజ రంగు లైఫ్ జాకెట్లు పట్టుకుని వెంటపడేవాళ్ళు. మేమంతా అవి తొడుక్కుని, పొడుగాటి గాలిబుడగ మీద వరసగా కూర్చుని, బోటు లాగుతుంటే అరుచుకుంటూ పోయేవాళ్ళం. కావాలని నీళ్ళలో పడేస్తే ఉప్పు మింగి, దగ్గుతూ నవ్వుకునేవాళ్ళం. పెద్దబాపు జాకెట్టును తాకనైనా తాకలేదు. "అది ఏసుకుంటె మునుగనియ్యదు. మునిగెతందుకే గద నేనొచ్చింది" అన్నాడు.

ఒకసారి బొండాం నీళ్ళు తాగుతూ ఆయన్ను అడిగాను, శబ్దం లేకుండా. "లోపట ఏం ఇనవడ్తది పెద్దబాపూ?"

"ఏం ఇనవడదు. గదే మజా." బొండాం పక్కన పెట్టి నీళ్ళవైపు చూశాడు. "పైన తలకాయ ఉంటె సాంచ నడుస్తది. ముంచితె ఆగుతది. ఇంకింత లోపటికి పోతె ఇంకా సల్లగ ఉంటది. ఒక్కోపారి ఒస్తె బుద్ధి గాదు. గప్పుడే గుంజుతది మీ పెద్దమ్మ, సరిగ్గ గప్పుడే. ఎట్ల ఎరుకైతదో!"

ఆయన నవ్వాడు. ఇంకొకటి కూడా చూశాను. ప్రతి ఏడూ ఆ తాడు పెరుగుతోంది. కొత్త బీము అయిపోయినప్పుడల్లా కొంత పేని అతుకుతున్నాడు. పెద్దమ్మకూ తెలుసు. "ఈ ఏడు బరువున్నది తాడు" అనేది సంచిలో పెట్టేటప్పుడు. వద్దని ఒక్కసారైనా అనలేదు. ఆ మనిషికి దొరికే నిమ్మళం అదొక్కటే. దాన్ని కత్తిరించడానికి ఆమెకు మనసు రాలేదు.

మేం ఆఖరుసారి సముద్రానికి పోయిన ఏడు దీపావళి ముందుగా వచ్చింది. వానలు పూర్తిగా వెనక్కి పోలేదు. సముద్రం మట్టిరంగులో ఉంది. బోట్లన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఇసకలో ఎర్రజెండా పాతి ఉంది. "నీళ్ళ అంచున తడుపుకోండి, లోపలికి వద్దు" అని కాపలా కుర్రాళ్ళు మరాఠీలో చెప్పారు. మాకు అర్థమైంది. పెద్దబాపుకూ అర్థమైంది, ఆ పెదవులు కూడా చదివాడు కదా. "కాయ్ నాయ్, ఏం గాదు. తాడున్నది" అన్నాడు. పెద్దమ్మ చెట్టు కింద చాట ఒళ్ళో పెట్టుకుని, తాడు నడుముకు కట్టుకుని, ముడి బిగించింది.

నేను నా బిడ్డ కాళ్ళకంటిన ఇసక కడుగుతున్నాను. విజిల్ వినబడింది. ఆగకుండా, గాబరాగా ఊదుతున్నారు. తలెత్తి చూస్తే అంచున ఉన్నవాళ్ళంతా బయటికి పరుగెత్తుతున్నారు. చాలా లోపల, నల్లటి తల ఒక్కటే ఉంది. ఆ తల మునిగింది.

పెద్దమ్మ చాట పక్కన పెట్టింది. రెండుసార్లు గుంజింది. జవాబు రాలేదు. మళ్ళీ గుంజింది. తాడు ఒక పక్కకు ఈడ్చుకుపోతోంది. ఆమె లేచి తాడు చుట్టుకుంటూ నీళ్ళ అంచు దాకా నడిచింది. ఎన్నేళ్ళు వచ్చినా పాదం కూడా తడపని మనిషి. ఒక పెద్ద అల వచ్చి ఆమెను పడేసింది. వెనక్కి పోయే నీళ్ళు ఆమెను కాళ్ళ పట్టున ఈడ్చుకెళ్ళాయి. నేను పరుగెత్తాను. మా బాపు పరుగెత్తాడు. ఆమె లేచింది, నడుము లోతులో నిలదొక్కుకుంది, ముడి విప్పాలని వేళ్ళతో పీక్కుంది. బీడీ చుట్టే వేళ్ళు, ఎంత చురుకైనవని! కానీ నూలు తడిస్తే ఉబ్బుతుంది, మా ముడి తడిస్తే రాయి అవుతుంది. ఆ సంగతి మాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. నీళ్ళలోకి దిగేది ఆయన కదా, ఆమె కాదు కదా అనుకున్నాం.

అప్పుడు పెద్దబాపు తల పైకి లేచింది. తాడు బిగువు ఆయనకు తెలిసింది. ఇగ రా అన్నదనుకున్నాడు. ఎప్పటిలాగే తాడు రెండు చేతులా పట్టుకుని, చేతి మీద చెయ్యి వేసుకుంటూ ఒడ్డువైపు గుంజుకోవడం మొదలుపెట్టాడు.

మేమంతా చూస్తున్నాం. ఆయన ఒక్కొక్క గుంజుకు పెద్దమ్మ ఒక్కొక్క బార లోపలికి పోతోంది. ఆయనకు కళ్ళల్లో ఉప్పునీళ్ళు, ఎదురుగా ఎత్తైన అలలు. మా పెదవులు కనబడే దూరం కాదు. "గుంజకు! పెద్దబాపూ, గుంజకు!" అని నేను అరిచిన అరుపు ఇప్పటికీ నా గొంతులో ఉంది. మా బాపు అరిచాడు. గల్లీ అంతా అరిచింది. విజిళ్ళు ఊదారు. ఆ చెవులకు ఏదీ చేరలేదు. ఆయన తాపీగా, నమ్మకంగా గుంజుతూనే ఉన్నాడు. అవతలి కొసన ఒడ్డు ఉందనుకున్నాడు.

కాపలా కుర్రాళ్ళు ఇద్దర్నీ ఒకేసారి తెచ్చారు. ఆయనకు ఊపిరుంది, ఆమెకు లేదు. బొండాంలు కొట్టేవాడి కోయిత కత్తి తీసుకుని ఆమె నడుము మీది తాడు కోశారు. ఆయన నడుము దగ్గర కోయబోతే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చివరికి తోక వదిలి కోశారు. చెట్టు కింద చాటలో ఆకు తడిగానే ఉంది.

దారిలో, బస్సులోనే గల్లీ పెద్దలు మాట అనుకున్నారు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పొద్దు. మా బాపు ఆయన ఎదురుగా కూర్చుని పెదవులు స్పష్టంగా ఆడించి చెప్పాడు. "అల కొట్టింది అన్నా. వదినెను అల తీస్కపోయింది. నువ్వే ఆమెను ఒడ్డుకు తెచ్చినవ్." పెద్దబాపు తల ఊపాడు. నమ్మాడనుకున్నాం. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. ఆ నిజం తెలిస్తే ఆయన బతకడని నాకు గట్టి భయం. ఆనాటి నుంచి ఆడవాళ్ళమే కాదు, మగవాళ్ళు కూడా ఆయన ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకప్పుడు నవ్వుకోవడానికి పెట్టుకున్న అడ్డం, ఇప్పుడు గల్లీ మొత్తానికి అదే కాపలా అయింది.

భార్య పోతే మాలో మగవాడి మొలతాడు తెంపుతారు. పెద్దవాళ్ళు వచ్చి ఆయన నల్ల మొలతాడు తెంపారు. ఊరుకున్నాడు. రంగుతాడు మీద చెయ్యి వేయగానే వాళ్ళ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది కోస్తె ఆమె పిలిస్తె నాకెట్ల ఎరుకైతది?"

అలాగే వదిలేశారు.

ఆ తర్వాత ఆయన సముద్రం పేరెత్తలేదు. ఒకరోజు కరెంటు పోయింది. పేట నిశ్శబ్దమైంది. అలవాటు కొద్దీ ఆయన మొహం వైపు చూశాను. మామూలుగానే ఉంది.

"ఆగిందా పెద్దబాపూ?" అన్నాను పెదవులతో.

"ఎప్పుడో ఆగింది బిడ్డా. ఆ దినమే ఆగింది. ఏం ఇనవడ్తలేదు." గోడకు అరచేయి ఆనించి మళ్ళీ అన్నాడు. "నడిస్తె బాగుండు."

కారఖానాకు పోయి, పని లేకపోయినా సాంచ చెక్క మీద అరచేయి ఆనించి కూర్చుని వచ్చేవాడు.

కొన్నిసార్లు మాట మధ్యలో ఆగిపోయేవాడు. చెయ్యి నడుము దగ్గరికి పోయేది. తోక పట్టుకుని ఒక్కసారి గుంజేవాడు. "ఉన్న" అనేవాడు మెల్లగా, ఎవరితోనో. ఆ తర్వాత వదిలేసిన చోటు నుంచే మాట అందుకునేవాడు. ముసలితనం అన్నారు అందరూ. ఒక మధ్యాహ్నం నేను అన్నం పెడుతుంటే అలాగే ఆగాడు. అప్పుడు నేను చూశాను. ఆయన చెయ్యి ఇంకా కంచంలోనే ఉంది. పంచె మీద పడి ఉన్న తోక నిటారుగా బిగుసుకుంది. చటుక్కున, ఒక్కసారి. రోజంతా సూది మీద చూపు పెట్టే కళ్ళు నావి, మసకలు కమ్ముతుంటాయి అని సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు కుట్టుమిషను తొక్కలేకపోయాను.

నిన్న పొద్దున చాయ్ తీసుకెళ్ళాను. పెద్దబాపు అప్పటికే గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊరికి పోయేవాడిలా ఉన్నాడు.

"ఎటు పోతున్నవ్ పెద్దబాపూ?"

"రెండుసార్లు గుంజింది బిడ్డా" అన్నాడు.

చాయ్ గిన్నె కింద పెట్టాను. కూర్చుని, ఆయన మొహానికి దగ్గరగా, "పోకు" అన్నాను. ఇంకోసారి అన్నాను. చదివాడు. నవ్వాడు. నా తల మీద అరచేయి పెట్టాడు, చిన్నప్పుడు నేను ఏడుస్తున్నానో లేదో చూడటానికి పెట్టినట్టే.

"నేను గుంజితె ఆమె ఒచ్చింది గద. ఆమె గుంజితె నేను పోవద్దా?"

ఇన్నేళ్ళూ మేం నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నది దేనికో ఆయనకు మొదటి దినం నుంచీ తెలుసు. తెలిసి, మా కోసం నమ్మినట్టు తల ఊపాడు. నేను నోరు నొక్కుకుని ఏడ్చాను. ఆయన చాయ్ మొత్తం తాగాడు. బాపును పిలుచుకొద్దామని గల్లీ దాటి పోయాను. మేం వచ్చేసరికి గోడకు ఆనుకునే ఉన్నాడు. రెండు పిడికిళ్ళూ నడుము ముందు, ఒకదాని ముందు ఒకటి, తాడు పట్టి గుంజుకుంటున్నట్టు బిగిసి ఉన్నాయి.

"పిల్లా, కత్తెర!" మళ్ళీ కేకేశారు.

గడప దిగాను. నీళ్ళు పోసిన బల్ల మీద పెద్దబాపు. తాడు తడిసి ఉబ్బింది, రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. బాపు చెయ్యి చాపాడు.

"పదును లేదు బాపూ. తెగదు" అన్నాను.

మొన్ననే గల్లీలోకి వచ్చిన సానవాడి దగ్గర ఆ కత్తెరకు పదును పెట్టించింది మా బాపే. నా మొహం చూశాడు. తాడు చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనియ్యిరి" అన్నాడు మగవాళ్ళతో. "వదినె ఆ కొసన చూస్తుంటది."

తాడు పైనుంచి కొత్త పంచె చుట్టి ఆయన్ను ఎత్తారు.